సాయంత్రం పూట ఆర్ట్ గ్యాలరీకి వెళ్లి బొమ్మలు చూసి రావడం ఎలా

టికెట్ ఉండదు. మీరెవరని ఎవరూ అడగరు. కొనాలన్న రూలు అసలే లేదు. అయినా హైదరాబాద్‌లో ఒక కమర్షియల్ ఆర్ట్ గ్యాలరీ తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టడానికి మనలో చాలామందికి కాళ్లు రావు. తెల్లటి గోడలు, చప్పుడు లేని హాలు, ఓ మూల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి, ఇదంతా అద్దంలోంచే చూసి "ఇది డబ్బున్నవాళ్ల వ్యవహారంలే" అనుకుని వెనక్కి తిరుగుతాం. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది. కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం, మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ మన పల్లెల్ని, మన మనుషుల్ని గీసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. వాళ్ల బొమ్మల్ని మనం మాత్రం ఫోన్ స్క్రీన్ మీద చూసి సరిపెట్టుకుంటున్నాం. వాళ్ల తర్వాతి తరాలవాళ్లయితే మనకు పేర్లు కూడా తెలియవు. కాబట్టి ఒక్క సాయంత్రం పెట్టుకోండి. ఎలా వెళ్లాలో, వెళ్లాక ఏం చేయాలో వరసగా చెప్తాను.

ముందు, ఏ షోకి వెళ్లాలో తేల్చుకోండి

బంజారాహిల్స్‌లో కళాకృతి ఉంది, 2002 నుంచి నడుస్తోంది. జూబ్లీహిల్స్‌లో సృష్టి ఉంది. ఇవి కాక చిన్నవి, కొత్తవి కూడా ఉన్నాయి. వీటి ఇన్‌స్టాగ్రామ్ పేజీలు నాలుగైదు ఫాలో అయితే చాలు, ఏ షో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉందో, ఓపెనింగ్ ఎప్పుడో మీకే కనిపిస్తుంటాయి. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ప్రభుత్వానిది, అదీ చూడదగ్గదే, కానీ ఇప్పుడు నేను చెప్పేది కమర్షియల్ గ్యాలరీల గురించి. తేడా తెలిస్తే లోపల మీకే ధైర్యంగా ఉంటుంది. కొన్ని షోలు అద్దె హాళ్లలో జరుగుతాయి, అక్కడ చిత్రకారుడే అద్దె కట్టి, తన బొమ్మలు తనే తగిలించుకుని, తనే అమ్ముకుంటాడు. కమర్షియల్ గ్యాలరీలో అలా కాదు. ఎవరి షో పెట్టాలో గ్యాలరీవాళ్లే ఎంచుకుంటారు, ఫ్రేములు, లైట్లు, క్యాటలాగ్ లాంటి ఏర్పాట్లన్నీ చాలావరకు వాళ్లే చూసుకుంటారు, బొమ్మ అమ్ముడుపోతే అందులో వాటా తీసుకుంటారు. మామూలుగా మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది ఆ వాటా. అంటే వాళ్లు బతికేది అమ్మకాల మీద, అమ్మకాలు జరగాలంటే ముందు చూసేవాళ్లు రావాలి. మీరు లోపలికి వెళ్లడం వాళ్లకు ఇబ్బంది కాదు, వాళ్లకు కావలసిందే అది.

అక్టోబర్ నుంచి మార్చి దాకా షోలు ఎక్కువగా ఉంటాయి, ఎండాకాలంలో కాస్త పలచబడతాయి. మొదటిసారి వెళ్తున్నవాళ్లకి నా సలహా, గ్రూప్ షో ఎంచుకోండి. పది మంది బొమ్మలు ఒకేచోట ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి మీకు తగులుతుంది. ఒక్కరి షో అయితే అది నచ్చకపోతే ఆ సాయంత్రమంతా నీరుగారిపోతుంది.

ఓపెనింగ్ రోజా, మామూలు రోజా

షో మొదలయ్యే సాయంత్రాన్ని ఓపెనింగ్ అనో ప్రివ్యూ అనో అంటారు. ఆరున్నర, ఏడింటికి మొదలవుతుంది. చిత్రకారులు వస్తారు, తోటి చిత్రకారులు, ఫైన్ ఆర్ట్స్ కాలేజీ పిల్లలు, కొనేవాళ్లు, ఫొటోగ్రాఫర్లు, అందరూ ఒకేచోట కనిపిస్తారు, టీయో జ్యూసో చిన్న చిన్న తినుబండారాలో ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో అందరికీ కనిపించేలా పోస్టర్ పెట్టారంటే ఇన్విటేషన్ కార్డు చేతిలో లేకపోయినా వెళ్లొచ్చు. "ఓన్లీ బై ఇన్విటేషన్" అని ఉంటే ముందు ఒక మెసేజ్ పెట్టి అడగండి, "రావొచ్చాండీ?" అని అడిగితే చాలాసార్లు రమ్మనే అంటారు.

కానీ ఓపెనింగ్ రోజు మనుషుల్ని చూడ్డానికి బాగుంటుంది తప్ప బొమ్మల్ని చూడ్డానికి కాదు. ప్రతి ఫ్రేము ముందూ ఎవరో ఒకరు వీపు పెట్టి నిలబడి మాట్లాడుతుంటారు. నిజంగా చూడాలంటే ఓపెనింగ్ అయిపోయిన వారం, మంగళవారమో బుధవారమో సాయంత్రం వెళ్లండి. మీరూ, గోడలూ, ఆ బల్ల దగ్గర మనిషీ, అంతే ఉంటారు. వీలుంటే రెండూ చేయండి, ఒక్కటే కుదిరితే మాత్రం మామూలు రోజే.

గ్యాలరీలు చాలావరకు ఉదయం 11కి తెరిచి సాయంత్రం 7కి మూసేస్తారు, కొన్ని ఆదివారాలు ఉండవు. అందుకని బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఐదున్నరకల్లా లోపల ఉండేలా చూసుకోవాలి. ఆరు దాటితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ చుట్టుపక్కల ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, పైగా ఆ సందుల్లో పార్కింగ్ దొరకదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకోవడం అన్నిటికంటే సుఖం. బట్టల గురించి టెన్షన్ వద్దు, ఆఫీసుకి వేసుకున్నవే చాలు. చెప్పులు మాత్రం సౌకర్యంగా ఉన్నవి వేసుకోండి, గంటన్నర నిలబడే ఉంటారు.

లోపలికి వెళ్లగానే

వీపు మీద బ్యాగు ఉంటే తీసి ముందుకు వేసుకోండి, లేకపోతే బల్ల దగ్గర పెట్టేయండి. బ్యాగుతో వెనక్కి తిరిగేటప్పుడు బొమ్మలకి దెబ్బలు తగలొచ్చు. చేతిలో కాఫీ కప్పు ఉంటే బయటే తాగేసి రండి. ఫొటోలు తీసుకోవచ్చా అని ఒక్కసారి అడగండి, చాలాచోట్ల సరేనంటారు, ఫ్లాష్ మాత్రం ఎక్కడైనా వద్దంటారు.

తర్వాత ఒక చుట్టు ఊరికే తిరగండి. ఎక్కడా ఆగొద్దు, ఏమీ చదవొద్దు. గోడ మీద తలుపు పక్కన పెద్ద అక్షరాల్లో క్యూరేటర్, అంటే ఆ షోకి బొమ్మలు ఎంచి కూర్చిన మనిషి, రాసిన వ్యాసం ఉంటుంది, దాన్ని కూడా అప్పుడే చదవకండి. ఆ వ్యాసాలు చాలాసార్లు బరువైన ఇంగ్లీషులో ఉంటాయి. మొదటే చదివితే మన కళ్లతో కాకుండా వాళ్ల మాటలతో చూడటం మొదలుపెడతాం, అర్థం కాకపోతే తప్పు మనదే అనుకుంటాం. అది మీ తప్పు కాదు. ఐదు నిమిషాల్లో హాలంతా తిరిగి రండి, ఏ బొమ్మ దగ్గర కాళ్లు వాటంతటవే నెమ్మదించాయో గుర్తుపెట్టుకోండి. నచ్చి ఆగి ఉండొచ్చు, ఒళ్లు మండి కూడా ఆగి ఉండొచ్చు, రెండూ లెక్కే.

ఇక అసలు పని, చూడటం

ఆ ఒక్క బొమ్మ దగ్గరికి తిరిగి వెళ్లండి. దానికి పది నిమిషాలు ఇవ్వండి. పది నిమిషాలంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది, మొదటి రెండు నిమిషాలకే ఫోన్ తీయాలనిపిస్తుంది. తీయకండి.

మొదట దూరంగా, బొమ్మ మొత్తం ఒక్క చూపులో పట్టేంత దూరంలో నిలబడండి. తర్వాత దగ్గరికి, ఓ మూరెడు దూరానికి వెళ్లండి. తర్వాత పక్కకి జరిగి ఏటవాలుగా చూడండి. ఈ పక్కకి జరగడం సాయంత్రం పూట మరీ అవసరం. పగటి వెలుతురు ఉండదు, పైనున్న లైట్లు అద్దం వేసిన ఫ్రేముల మీద పడి మీ మొహమే మీకు కనిపిస్తుంటుంది. రెండడుగులు ఎడమకో కుడికో వేస్తే ఆ మెరుపు పోతుంది. క్యాన్వాస్ అయితే ఆ ఏటవాలు వెలుతురులోనే కుంచె పోయిన దారి, రంగు మందంగా ఎత్తుగా నిలబడ్డ చోట్లు, గీకి తీసేసి మళ్లీ వేసిన చోట్లు బయటపడతాయి. క్యాన్వాస్ పక్క అంచు కూడా చూడండి. కొందరు బొమ్మను అంచుల మీదికి కూడా వేస్తారు, కొందరి అంచుల మీద కింద ముందెప్పుడో వేసిన రంగు కారి ఉంటుంది. ఇప్పుడు మనకు నీలంగా కనిపిస్తున్న చోట మొదట ఎరుపు వేశారని ఆ కారిన చుక్క చెప్పేస్తుంది.

లక్ష్మా గౌడ్ పేరు చెప్పాను కదా, ఆయన బరోడాలో మ్యూరల్ (గోడ మీద వేసే పెద్ద చిత్రాలు), ప్రింట్ మేకింగ్ చదువుకున్నారు, ఆయన ఎచింగులకి ప్రత్యేకంగా పేరుంది. ఎచింగ్ ఎప్పుడైనా గోడ మీద కనిపిస్తే దాన్ని ఎలా చూడాలో చెప్తాను, ఎందుకంటే "ప్రింటే కదా" అని చాలామంది దాటిపోతారు. రాగి లేదా జింకు రేకు మీద మైనం లాంటి పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. రేకుని యాసిడ్‌లో ముంచితే గీసిన చోట మాత్రమే యాసిడ్ తింటుంది, గాడి పడుతుంది. ఆ గాడుల్లోకి సిరా రుద్ది, పైపైన ఉన్నది తుడిచేసి, తడి కాగితం పరిచి ప్రెస్సులో గట్టిగా నొక్కుతారు. అంత ఒత్తిడికి రేకు అంచులు కాగితంలోకి దిగబడతాయి. బొమ్మ చుట్టూ కాగితం మీద నాలుగు వైపులా చిన్న నొక్కు గీత కనిపిస్తుంది, పక్కనుంచి చూస్తే మరీ స్పష్టంగా తెలుస్తుంది. కింద అంచున పెన్సిల్‌తో రాసి ఉంటుంది, మామూలుగా ఎడమ పక్క 7/25 లాంటి అంకె, కుడి పక్క సంతకం, సంవత్సరం. 7/25 అంటే ఆ రేకు నుంచి మొత్తం 25 ప్రతులే తీస్తామని పెట్టుకున్నారు, అందులో ఇది ఏడోది. అంకె బదులు ఏపీ (ఆర్టిస్ట్స్ ప్రూఫ్) అని ఉంటే చిత్రకారుడు తన కోసం విడిగా తీసిపెట్టుకున్న ప్రతి. ఇవన్నీ ఒక్కొక్కటీ చేత్తో సిరా రుద్ది తీసినవే. కంప్యూటర్ నుంచి తీసిన పోస్టర్‌కి ఆ నొక్కూ ఉండదు, ఆ నలుపులోని లోతూ ఉండదు. ఇది ఒక్కసారి కళ్లారా చూస్తే ఇక మీరు ప్రింట్లని దాటిపోలేరు.

ఇంతసేపు చూశాక ఇప్పుడు లేబుల్ చదవండి. పేరు, దేనితో వేశారు, ఎంత సైజు, ఏ సంవత్సరం, ఈ నాలుగూ ఉంటాయి. "అన్‌టైటిల్డ్" అని ఉంటే చిత్రకారుడు పేరు పెట్టలేదంతే, అందులో దాచిన రహస్యమేమీ లేదు. "మిక్స్‌డ్ మీడియా" అంటే ఒకటికంటే ఎక్కువ రకాల సరుకు వాడారని, ఏమేం వాడారో అడిగితే చెప్తారు, ఆ జవాబులు ఒక్కోసారి బొమ్మకంటే ఆసక్తిగా ఉంటాయి. శ్రీకాళహస్తి కలంకారీ కుటుంబం నుంచి వచ్చిన రమేష్ గోర్జాల లాంటివాళ్లు ఆ పాత బొమ్మల తీరుని క్యాన్వాస్ మీదికి, యాక్రిలిక్ రంగుల్లోకి తెచ్చారు. అలాంటి బొమ్మ ముందు లేబుల్ చూడకుండా నిలబడితే గుడి గుడ్డ మీద చూసిన హనుమంతుడే అనిపిస్తాడు. దగ్గరికి వెళ్తే ఆ దేహం నిండా చిన్న చిన్న మనుషులు, కథలు కిక్కిరిసి కనిపిస్తాయి. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద వెదురు కలంతో గీసే పనికీ దీనికీ ఏం మారింది, ఏం మారలేదు అని అక్కడే నిలబడి ఆలోచించుకోవచ్చు, దానికి ఏ క్యూరేటర్ సాయమూ అక్కర్లేదు.

క్యూరేటర్ వ్యాసం చివర్లో చదవండి. మీరు చూసినదానికి అది ఏమైనా కలిపితే మంచిదే. కలపకపోతే వదిలేయండి.

వీడియోలు ఉంటే వాటి నిడివి లేబుల్ మీద చూసుకోండి. ఎనిమిది నిమిషాలైతే కూర్చోండి, మధ్యలో వచ్చారు కాబట్టి అది మళ్లీ మొదటికి వచ్చేదాకా ఉండి, మీరు వచ్చిన చోటు రాగానే లేవండి. నేల మీద పరిచిన ఇన్‌స్టలేషన్లు, అంటే వస్తువులు అమర్చి చేసిన కళ, ఉంటే ఎక్కడ అడుగు పెట్టొచ్చో అడగండి. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి, కానీ అలాంటి చోట చెయ్యి పట్టుకుని ఉండండి.

మాట్లాడటం, రేటు అడగటం

బల్ల దగ్గర ఉన్నవాళ్లతో మాట్లాడండి. ఇంగ్లీషులోనే మాట్లాడాలేమో అని బెరుకు పడొద్దు, హైదరాబాద్ గ్యాలరీల్లో తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పేవాళ్లు దొరుకుతారు. "ఈ బొమ్మ వేసినాయన ఎక్కడివారండీ? ఇంతకుముందు ఎలాంటివి వేశారు?" అని అడిగితే చాలు. "దీని అర్థమేంటి" అని మాత్రం మొదటే అడగకండి, ఆ ప్రశ్నకి ఎవరైనా అరిగిపోయిన జవాబే ఇస్తారు. "ఇదెలా చేశారు" అని అడగండి. ఓపెనింగ్ రోజు చిత్రకారుడే ఎదురుపడితే కూడా ఇదే అడగండి, ఆ మనిషి మొహం వెలిగిపోతుంది, ఎన్నాళ్లు పట్టింది, ఎక్కడ ఆగిపోయింది, ఎలా గట్టెక్కింది, అన్నీ చెప్పుకొస్తారు.

రేటు అడగడానికి సిగ్గుపడేవాళ్లు ఎక్కువ. గోడ మీద ధర రాసి ఉండదు కాబట్టి అది అడగకూడని సంగతేమో అనుకుంటారు. "ప్రైస్ లిస్ట్ ఉందాండీ?" అంటే ఒక కాగితం చేతిలో పెడతారు. చీరల కొట్టులో పది చీరలు విప్పించి చూసి కొనకుండా లేచి వచ్చినట్టే ఇది కూడా, వాళ్లకి అలవాటే. లేబుల్ పక్కన ఎర్ర చుక్క స్టిక్కర్ ఉంటే ఆ బొమ్మ అమ్ముడుపోయిందని. సగం చుక్క ఉంటే ఎవరో తమ కోసం ఆపి ఉంచమన్నారని. లిస్ట్‌లో ఎన్ఎఫ్ఎస్ అని ఉంటే అది అమ్మకానికి లేదు.

ధర ఎలా కడతారో కూడా తెలుసుకోండి. మన దేశంలో చాలామంది చిత్రకారుల బొమ్మలకి చదరపు అంగుళానికి ఇంత అని రేటు ఉంటుంది. చదరపు అంగుళం 100 రూపాయలు అనుకుంటే 24 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు ఉన్న బొమ్మ 576 చదరపు అంగుళాలు, అంటే 57,600 రూపాయలు. దాని మీద 5 శాతం జీఎస్టీ 2,880 కలిపితే 60,480. పెయింటింగుల మీద అంతకుముందు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5కి తగ్గింది. ఈ అంగుళాల లెక్క పేరున్న పెద్దవాళ్ల దగ్గర చెల్లదు, అక్కడ ఏ సంవత్సరం వేసింది, ఎంత అరుదైనది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొత్తవాళ్ల దగ్గర మాత్రం ఈ లెక్క చేతిలో ఉంటే అడిగిన ధర ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది.

కొనాలనే ఉద్దేశం ఉంటే ఆ సాయంత్రమే అడ్వాన్స్ ఇచ్చేయకండి. "రెండు రోజులు ఆపి ఉంచుతారా?" అని అడిగి ఇంటికి వచ్చేయండి. రెండు రోజుల తర్వాత కూడా కళ్లముందు మెదులుతుంటే అప్పుడు వెళ్లండి. గోడ మీద ఉన్నవే కాకుండా లోపల స్టోర్‌లో ఇంకా ఉంటాయి, ఆ చిత్రకారుడివి చిన్న సైజులో, కాగితం మీద వేసినవి ఏమైనా ఉన్నాయా అని అడిగితే తీసి చూపిస్తారు. కాగితం మీద వేసినవి, ఎచింగులు సాధారణంగా క్యాన్వాస్‌కంటే చాలా తక్కువకి వస్తాయి. మొదటిసారి కొనేవాళ్లకి అవే మంచివని నా అభిప్రాయం. డబ్బు కట్టినప్పుడు జీఎస్టీ బిల్లు, బొమ్మ ఫొటోతో చిత్రకారుడు సంతకం పెట్టిన ఆథెంటిసిటీ సర్టిఫికెట్ (ఇది అసలైనదే అనే కాగితం), రెండూ అడిగి తీసుకోండి. వైకుంఠం లాంటి పేరున్నవాళ్లవి అయితే ఈ కాగితాలు లేకుండా ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దు, పేరున్నవాళ్ల బొమ్మలకి నకిలీలు ఉంటాయి. ఇంకో సంగతి, బొమ్మ కొన్నామంటే కాపీరైట్ కొన్నట్టు కాదు. మీ గోడ మీద పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కానీ దాన్ని మీ కంపెనీ క్యాలెండర్ మీద అచ్చు వేయాలంటే చిత్రకారుణ్ని అడగాల్సిందే. కాపీరైట్ చట్టంలో 53ఏ అని ఒక సెక్షన్ కూడా ఉంది, 1994లో చేర్చారు. మీరు ఆ బొమ్మను తర్వాత 10,000 రూపాయలకు మించి అమ్మితే ఆ ధరలో చిత్రకారుడికి 10 శాతం మించకుండా వాటా అడిగే హక్కు అది ఇస్తుంది. ఇది గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ, గుర్తుపెట్టుకుంటే మంచిది.

వెళ్లిపోయే ముందు

మొదట ఆగిన బొమ్మ దగ్గరికి ఇంకోసారి వెళ్లండి, రెండు నిమిషాలు చాలు. దాని లేబుల్ ఫొటో తీసుకోండి, చిత్రకారుడి పేరు మర్చిపోతారు, తర్వాత వెతుక్కోవడానికి పనికొస్తుంది. క్యాటలాగ్ ఉచితంగా ఇస్తే తీసుకోండి, అమ్ముతుంటే ధర చూసి ఆలోచించుకోండి.

బంజారాహిల్స్‌లో ఉంటే అక్కడినుంచి లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రానికి వెళ్లి టీ తాగుతూ చూసినవాటి గురించి మాట్లాడుకోవచ్చు. ఒంటరిగా వెళ్తే చూడటం బాగా కుదురుతుంది, ఇద్దరు వెళ్తే మాట్లాడుకోవడం బాగా కుదురుతుంది, ఐదుగురు వెళ్తే సెల్ఫీలే కుదురుతాయి.

పని మీద ముంబై వెళ్లేవాళ్లు ఉంటే ఇదే పద్ధతిలో కొలాబా, ఫోర్ట్ వైపు ఒక సాయంత్రం కేటాయించండి. 1963లో మొదలైన కెమోల్డ్ గ్యాలరీ ఇప్పుడు ప్రెస్కాట్ రోడ్‌లో ఉంది, చుట్టుపక్కల ఇంకా చాలా గ్యాలరీలు ఉన్నాయి, నడుచుకుంటూనే మూడు నాలుగు చూసేయొచ్చు. జనవరిలో అయితే ముంబై గ్యాలరీ వీకెండ్ తేదీలు చూసుకుని వెళ్లండి.

తలుపు దగ్గర విజిటర్స్ బుక్ ఉంటుంది. పేరు, ఈమెయిల్ అర్థమయ్యేలా రాయండి, అభిప్రాయం తెలుగులోనే రాయండి, ఏ బొమ్మ గురించో పేరుతో సహా రాయండి. ఆ పుస్తకాన్ని చిత్రకారులు తప్పకుండా తిరగేస్తారు. వచ్చే షో ఓపెనింగ్‌కి పిలుపు కూడా ఆ ఈమెయిల్‌కే వస్తుంది.